థైరాయిడ్ క్యాన్సర్ తీవ్రత నిర్ధారణలో కణజాల రంజనం, రక్త సూచకాలు: విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం:
థైరాయిడ్ క్యాన్సర్ ఎంత తీవ్రమైనదో తెలుసుకోవడానికి కణజాలంపై చేసే ప్రతిదేహ రంజనాలు, రక్తంలో కొలిచే సూచకాలు తోడ్పడతాయని అనేక పరిశోధనలు ప్రతిపాదిస్తున్నాయి. ఇది క్యాన్సరా కాదా అని గుర్తించే శక్తికీ, ఆ క్యాన్సర్ ఎలా ప్రవర్తించబోతుందో చెప్పే శక్తికీ మధ్య ఉన్న భేదాన్ని ఈ పరిశోధనలు తరచుగా విస్మరిస్తున్నాయని ఈ వ్యాసం నిరూపించ యత్నిస్తుంది. గలెక్టిన్-3, బి-రాఫ్, కెఐ-67 రంజనాలను, థైరోగ్లోబ్యులిన్, కాల్సిటోనిన్ రక్తపరీక్షలను ఈ దృష్టితో పరిశీలించి, ఒక సూచకాన్ని 'తీవ్రతా సూచకం' అని పిలవడానికి ఉండవలసిన కనీస ప్రమాణాలను సూచిస్తుంది.

కీలకపదాలు: థైరాయిడ్ క్యాన్సర్, కణజాల రంజనం, ప్రతిదేహాలు, రక్త సూచకాలు, తీవ్రత, అతినిర్ధారణ.

1. ఉపోద్ఘాతం:
థైరాయిడ్ అనే అవటు గ్రంథిలో పుట్టే క్యాన్సర్లన్నీ ఒకే స్వభావం కలవి కావు. వాటిలో అధిక సంఖ్యాకమైన పాపిల్లరీ క్యాన్సర్ చాలావరకు నెమ్మదిగా పెరుగుతుంది. ఆ వ్యాధి వచ్చినవారిలో ఎక్కువమంది దానివల్ల మరణించరు. అరుదుగా కనిపించే అనాప్లాస్టిక్ క్యాన్సర్ నెలల వ్యవధిలోనే ప్రాణాంతకమవుతుంది. ఫాలిక్యులర్, మెడుల్లరీ, అల్పవిభేదిత క్యాన్సర్లు ఈ రెండింటి నడుమ వేర్వేరు స్థానాల్లో ఉంటాయి. ఒకే గ్రంథిలో పుట్టే వ్యాధుల మధ్య ఇంత అంతరం ఉన్నందువల్ల "ఇది ఎంత తీవ్రమైనది?" అనే ప్రశ్నకు థైరాయిడ్ విషయంలో ప్రత్యేక ప్రాధాన్యం ఉంది.

ఈ ప్రశ్నకు తప్పు సమాధానం వస్తే నష్టపోయేది రోగి. తీవ్రతను తక్కువగా అంచనా వేస్తే వ్యాధి తిరగబెడుతుంది. ఎక్కువగా అంచనా వేస్తే సగం గ్రంథి తీస్తే సరిపోయేవారికి మొత్తం గ్రంథి తీసివేస్తారు. అప్పుడు జీవితాంతం హార్మోన్ మాత్రలు తప్పవు. స్వరపేటిక నాడికి, కాల్షియంను నియంత్రించే పారాథైరాయిడ్ గ్రంథులకు దెబ్బ తగిలే ప్రమాదమూ ఉంటుంది. అందువల్ల ఒక రంజనాన్ని గాని, ఒక రక్తపరీక్షను గాని 'తీవ్రతను తెలిపేది' అని పేర్కొనే ముందు ఆ మాటకు ఆధారం ఎంత ఉందో పరిశీలించడం అవసరం.

2. 'తీవ్రత': ఒక పదం, మూడు ప్రశ్నలు:
తెలుగులో 'తీవ్రత' అనే పదానికి విస్తృతమైన వాడుక ఉంది. ఎండ తీవ్రత, చలి తీవ్రత, భూకంప తీవ్రత అని అంటాం. భూకంపం విషయంలో భూగర్భంలో విడుదలైన శక్తినీ, ఒక ఊరిలో ఇళ్లు కదలిన స్థాయినీ శాస్త్రజ్ఞులు వేర్వేరుగా కొలుస్తారు; వాడుకలో రెండూ తీవ్రతే. క్యాన్సర్ విషయంలోనూ ఇదే జరుగుతోంది. ఈ ఒక్క పదం కింద మూడు భిన్నమైన ప్రశ్నలు కలిసిపోతున్నాయి.

మొదటిది రకానికి సంబంధించిన ప్రశ్న: ఈ గడ్డ క్యాన్సరేనా, అయితే ఏ రకం? రెండవది దశకు సంబంధించిన ప్రశ్న: అది ఇప్పటికే ఎంత పెరిగింది, ఎంతవరకు వ్యాపించింది? మూడవది స్వభావానికి సంబంధించిన ప్రశ్న: ఇకమీదట అది ఎలా ప్రవర్తిస్తుంది? మొదటి రెండు ప్రశ్నలు వర్తమానానికి చెందినవి. మూడవది మాత్రమే భవిష్యత్తును అడుగుతుంది. తీవ్రతా సూచకం అనే పేరు ఈ మూడవ ప్రశ్నకు సమాధానం చెప్పగలిగిన దానికే తగుతుంది.

ఈ మూడూ పరస్పరం సంబంధం కలవే గాని ఒకటి కావు. అమెరికన్ జాయింట్ కమిటీ ఎనిమిదవ కూర్పు ప్రకారం 55 ఏళ్లలోపు వ్యక్తికి పాపిల్లరీ క్యాన్సర్ లింఫ్ కణుపులకు చేరినా, దూరవ్యాప్తి లేకపోతే అది మొదటి దశగానే పరిగణింపబడుతుంది. అదే కూర్పులో అనాప్లాస్టిక్ క్యాన్సర్ ఎంత చిన్నదైనా నాలుగవ దశే. రోగి వయస్సు, వ్యాధి రకం అనే రెండు సాధారణ అంశాలు భవితను ఎంతగా నిర్ణయిస్తాయో దీనివల్ల తెలుస్తుంది. ఏ కొత్త సూచకమైనా ఇవి ఇప్పటికే చెబుతున్న దానికంటే అదనంగా ఏదైనా చెప్పవలసి ఉంటుంది.

3. రకాన్ని తెలిపే రంజనాలు:
శస్త్రచికిత్సలో తీసిన కణజాలాన్ని ఫార్మాలిన్‌లో స్థిరపరచి, మైనంలో పొదిగి, పలుచని పొరలుగా కోసి, హిమటాక్సిలిన్, ఇయోసిన్ అనే రంగులతో రంజనం చేయడం రోగనిర్ధారణ శాస్త్రంలో చిరకాల పద్ధతి. కేంద్రకాలు నీలివర్ణంలోను, కణద్రవ్యం గులాబివర్ణంలోను కనిపిస్తాయి. ప్రతిదేహ రంజనం దీనికి మరొక అడుగు. ఒక నిర్దిష్ట ప్రోటీన్‌కు మాత్రమే అతుక్కునే ప్రతిదేహాన్ని కణజాలంపై వేసి, అది అతుక్కున్నచోట రంగు పుట్టేలా చేస్తారు. 1941లో ఆల్బర్ట్ కూన్స్ బృందం ప్రతిదేహాలకు వెలుగునిచ్చే రసాయనాన్ని జోడించడంతో ఈ మార్గం మొదలయింది. 1975లో కోలర్, మిల్‌స్టైన్ ఏకరూప ప్రతిదేహాల తయారీని కనుగొన్న తరువాత ఇది అన్ని ప్రయోగశాలలకూ విస్తరించింది.

థైరాయిడ్ విషయంలో గలెక్టిన్-3, హెచ్‌బిఎంఇ-1, సైటోకెరటిన్-19 అనే మూడు రంజనాలు విశేషంగా ప్రస్తావనకు వస్తాయి. ఇవి హానిరహితమైన గడ్డల్లో కంటే పాపిల్లరీ క్యాన్సర్‌లో ఎక్కువగా కనిపిస్తాయి. సూది పరీక్షలో తేలని ఫాలిక్యులర్ గడ్డలపై గలెక్టిన్-3ను పరీక్షించిన ఒక బహుకేంద్ర అధ్యయనం 2008లో వెలువడింది. అందులో సున్నితత్వం 78 శాతం, నిర్దిష్టత 93 శాతంగా తేలింది. ఇది విలువైన ఫలితమే. అయితే ఆ అధ్యయనం అడిగిన ప్రశ్న 'శస్త్రచికిత్స అవసరమైన గడ్డ ఏది?' అన్నది. అంటే అది రకానికి సంబంధించిన ప్రశ్న.

చిక్కు ఇక్కడి నుంచి మొదలవుతుంది. హానిరహిత గడ్డలు కొన్ని, క్యాన్సర్ గడ్డలు కొన్ని తీసుకొని రంజనం చేస్తారు. క్యాన్సర్లలో రంగు ఎక్కువగా ఉందని గణాంకంతో చూపుతారు. ముగింపుకు వచ్చేసరికి ఆ రంజనం 'వ్యాధి తీవ్రతను అంచనా వేయడానికి ఉపకరిస్తుంది' అంటారు. పోల్చినది క్యాన్సర్‌ను క్యాన్సర్ కానిదానితో. తీర్పు మాత్రం క్యాన్సర్ల మధ్య తారతమ్యంపై. ఎక్కువ నెమ్మదిగా పెరిగే పాపిల్లరీ క్యాన్సర్‌లో గలెక్టిన్-3 గాఢంగా కనిపించడమే ఈ తర్కంలోని లోపాన్ని పట్టిస్తుంది. పైగా దీర్ఘకాలిక థైరాయిడ్ శోథలో సైతం గలెక్టిన్-3, సైటోకెరటిన్-19 కనిపించవచ్చు. నివేదికలో 'పాజిటివ్' అనే మాట చూసిన రోగి కుటుంబం దాన్ని ప్రమాద సూచనగా గ్రహిస్తుంది. ఆ మాట చెప్పేది ప్రోటీన్ ఉనికిని మాత్రమే.

4. మామూలు రంజనం చెప్పిన తీర్పు:
తీవ్రతను వేరుచేయడంలో గొప్ప ముందడుగు ఒకటి కొత్త ప్రతిదేహం వల్ల కాక పాత రంజనం వల్లనే సాధ్యమయింది. చుట్టూ పొర కలిగిన ఫాలిక్యులర్ తరహా పాపిల్లరీ క్యాన్సర్‌ను 24 మంది రోగనిర్ధారణ నిపుణులు పునఃపరిశీలించిన అధ్యయనం 2016లో ప్రచురితమయింది. పొరను, రక్తనాళాలను ఛేదించని గడ్డలున్న 109 మందిని సగటున 13 సంవత్సరాలకు పైబడి పరిశీలిస్తే ఒక్కరిలోనూ వ్యాధి మళ్లీ కనిపించలేదు. ఛేదించిన 101 మందిలో 12 మందికి దుష్పరిణామాలు కలిగాయి. దీని ఫలితంగా మొదటి వర్గం పేరు నుంచి 'క్యాన్సర్' అనే పదాన్నే తొలగించారు.

ఈ రెండు వర్గాలను వేరుచేసింది పొరను పూర్తిగా కోసి, హిమటాక్సిలిన్-ఇయోసిన్ పలకలపై ఓపికగా చూడడం. పొరలో కొంతభాగాన్నే పరీక్షించి, మిగిలిన ఖర్చును ప్రతిదేహాలపై పెట్టే ప్రయోగశాల తీవ్రతకు అసలైన సాక్ష్యాన్ని చేజార్చుకుంటుంది.

5. బి-రాఫ్: సంబంధం ఉంది, స్వతంత్రత లేదు:
రకాన్ని దాటి నిజంగా భవిష్యత్తును అడిగిన సూచకాల్లో బి-రాఫ్ వి600ఇ ఉత్పరివర్తన ముఖ్యమైనది. దీనివల్ల మారిన ప్రోటీన్‌ను విఇ1 అనే ప్రతిదేహంతో కణజాలంపైనే చూడవచ్చు. ఈ ఉత్పరివర్తనకు, మరణానికి గల సంబంధాన్ని 7 దేశాల్లోని 13 కేంద్రాలకు చెందిన 1849 మంది పాపిల్లరీ క్యాన్సర్ రోగుల్లో పరిశీలించిన అధ్యయనం 2013లో వెలువడింది. అందులో జన్యుపరీక్ష ద్వారా ఉత్పరివర్తన ఉన్నట్లు తేలిన 845 మందిలో 45 మంది, లేనట్లు తేలిన 1004 మందిలో 11 మంది ఆ క్యాన్సర్ వల్ల మరణించారు. శాతాల్లో ఇవి 5.3, 1.1. ఈ తేడా చిన్నది కాదు.

అయితే లింఫ్ కణుపులకు వ్యాప్తి, గ్రంథి వెలుపలికి చొరబాటు, దూరవ్యాప్తి వంటి అంశాలను లెక్కలోకి తీసుకున్న తరువాత ఆ తేడా గణాంకపరంగా నిలబడలేదు. బి-రాఫ్ చెబుతున్న సంగతిని ఆ అంశాలు ముందే చెబుతున్నాయన్నమాట. మరొక కోణం నుంచి చూస్తే, ఉత్పరివర్తన ఉన్నవారిలో సుమారు 95 శాతం మంది పరిశీలన కాలంలో ఆ వ్యాధి వల్ల మరణించలేదు. పాపిల్లరీ క్యాన్సర్ రోగుల్లో దాదాపు సగం మందిలో కనిపించే గుర్తును ఆధారం చేసుకొని వారందరినీ 'తీవ్రమైన' వర్గంలో చేర్చడం సమంజసం కాదు. ఈ పరిమితిని ఆ అధ్యయనకర్తలే ఒప్పుకొన్నారు. దాన్ని ఉదాహరించే తరువాతి రచనలు మొదటి వాక్యాన్ని తీసుకొని రెండవ వాక్యాన్ని విడిచిపెట్టడమే శోచనీయం.

ఈ అధ్యయనం నమూనా పరిమాణం గురించి కూడా ఒక పాఠం చెబుతుంది. 1849 మందిలో మరణాలు 56, అంటే సుమారు 3 శాతం. ఇదే నిష్పత్తిలో 60 మంది రోగులున్న ఒక ఆసుపత్రి అధ్యయనంలో ఆశించదగిన మరణాలు రెండు. రెండు మరణాల ఆధారంగా ఏ రంజనం గురించీ భవిష్య నిర్ణయం చేయడం సాధ్యం కాదు. అందుకే చిన్న అధ్యయనాలు మరణానికి బదులు లింఫ్ కణుపుల వ్యాప్తిని తీవ్రతకు ప్రతినిధిగా తీసుకుంటాయి. కాని ఆ వ్యాప్తి అదే శస్త్రచికిత్సలో, అదే బల్లమీద ముందే తేలిన విషయం. తెలిసినదాన్ని మరొక రంగులో చూపడం సూచకం పని కాదు.

6. రంగు నుంచి అంకెకు:
రంజనాన్ని అంకెగా మార్చే దశలో మరికొన్ని లోపాలు చోటుచేసుకుంటాయి. రంగు గాఢతను 0 నుంచి 3 వరకు అంచనా వేసి, దాన్ని రంగు పట్టిన కణాల శాతంతో గుణించి 0 నుంచి 300 వరకు అంకె ఇవ్వడం ఒక పద్ధతి. 'గాఢం', 'మధ్యస్థం' అనేవి చూసేవారి కంటిపై ఆధారపడతాయి. కణజాలాన్ని ఫార్మాలిన్‌లో వేయడంలో జాప్యం జరిగినా, సున్నం పట్టిన గడ్డను ఆమ్లంతో మెత్తబరచినా ప్రతిజనకాలు దెబ్బతిని రంగు తగ్గుతుంది. అప్పుడు పలక మీద కనిపించే లేతదనం కణం స్వభావం కాదు, సీసాలో జరిగిన ఆలస్యం.

ఇక విభజన రేఖ సంగతి. 10 శాతం, 25 శాతం, 50 శాతం అంటూ అనేక రేఖలు గీసి చూసి, ఫలితం అనుకూలంగా వచ్చిన రేఖను ప్రకటిస్తే 5 శాతంగా చెప్పుకొనే పొరపాటు అవకాశం నిజానికి అనేక రెట్లు పెరుగుతుంది. ఆల్ట్‌మన్ తదితర గణాంకవేత్తలు 1994లోనే ఈ ప్రమాదాన్ని వివరించారు. 2005లో వెలువడిన 'రిమార్క్' మార్గదర్శకాలు కణితి సూచకాల అధ్యయనాలు తప్పక తెలపవలసిన 20 అంశాలను నిర్దేశించాయి. విభజన రేఖను ఎలా ఎంచుకున్నారు, రోగులను ఎంతకాలం గమనించారు, తెలిసిన అంశాలతో కలిపి విశ్లేషించారా అన్న ప్రశ్నలు వాటిలో ఉన్నాయి. తీవ్రత గురించి రాసే పరిశోధక విద్యార్థికి ఇవి తొలి పాఠం కావలసినవి.

7. రక్త సూచకాలు: అంకె అర్థం సమయాన్ని బట్టి:
థైరోగ్లోబ్యులిన్ థైరాయిడ్ కణాలు మాత్రమే తయారుచేసే ప్రోటీన్. ఆరోగ్యకరమైన గ్రంథి కూడా దాన్ని రక్తంలోకి విడుదల చేస్తుంది. హానిరహితమైన గాయిటర్‌లోను, శోథలోను అది పెరుగుతుంది. అందువల్ల శస్త్రచికిత్సకు ముందు దాన్ని సాధారణంగా కొలవవలసిన అవసరం లేదని అమెరికన్ థైరాయిడ్ అసోసియేషన్ 2015 మార్గదర్శకాలు పేర్కొన్నాయి. గ్రంథి మొత్తం తీసి, రేడియో అయోడిన్ ఇచ్చిన తరువాత అదే ప్రోటీన్ అర్థం పూర్తిగా మారుతుంది. అప్పుడు దాన్ని తయారుచేసే కణాలు మిగిలి ఉండకూడదు. స్కానింగులు నిర్మలంగా ఉండి, హార్మోన్ మాత్రలపై ఉన్నప్పుడు మిల్లీలీటరుకు 0.2 నానోగ్రాముల కంటే తక్కువగా ఉంటే చికిత్సకు ఉత్తమ స్పందనగా పరిగణిస్తారు.

ఇక్కడ రెండు మినహాయింపులు ఉన్నాయి. థైరాయిడ్ క్యాన్సర్ రోగుల్లో సుమారు నాలుగింట ఒకరి రక్తంలో థైరోగ్లోబ్యులిన్‌కు వ్యతిరేకమైన ప్రతిదేహాలు ఉంటాయి. అవి పరీక్షకు అడ్డుపడి, ప్రస్తుతం వాడుకలో ఉన్న చాలా పద్ధతుల్లో అంకెను లేనిపోని విధంగా తగ్గిస్తాయి. ప్రతిదేహాల ఫలితం జతచేయని థైరోగ్లోబ్యులిన్ అంకె అసంపూర్ణం. రెండవది మరింత గమనార్హం: విభేదన కోల్పోయిన క్యాన్సర్ కణాలు ఈ ప్రోటీన్‌ను తయారుచేయడం తగ్గిస్తాయి, మానివేస్తాయి కూడా. అంటే వ్యాధి ఉగ్రరూపం దాల్చినప్పుడు సూచకం మౌనం వహించవచ్చు. 'అంకె ఎంత పెద్దదైతే వ్యాధి అంత తీవ్రం' అనే సరళరేఖను ఈ ఒక్క వాస్తవమే తుంచివేస్తుంది.

మామూలు రక్తపరీక్షలోని న్యూట్రోఫిల్-లింఫోసైట్ నిష్పత్తిని తీవ్రతా సూచకంగా ప్రతిపాదించే రచనలూ ఉన్నాయి. చౌకగా లభించడం దాని ఆకర్షణ. జ్వరం, అంటువ్యాధి, స్టిరాయిడ్ మందులు కూడా ఆ నిష్పత్తిని మార్చగలవు కనుక ఒక సెంటీమీటరు గడ్డ గురించి అది చెప్పే సాక్ష్యం బలహీనమైనది.

8. పరీక్షకు నిలిచిన సూచకాలు:
పై విమర్శ సూచకాలన్నీ నిరుపయోగమని చెప్పడానికి కాదు. మెడుల్లరీ క్యాన్సర్‌లో పరిస్థితి భిన్నం. అది కాల్సిటోనిన్‌ను విడుదల చేసే సి-కణాల నుంచి పుడుతుంది. శస్త్రచికిత్స తరువాత 65 మంది రోగులను పరిశీలించిన 2005 నాటి అధ్యయనంలో కాల్సిటోనిన్ ఆరు నెలల్లోపే రెట్టింపయినవారిలో ఐదేళ్లు జీవించినవారు 25 శాతం. రెట్టింపు కావడానికి రెండేళ్లకు మించి పట్టినవారందరూ అధ్యయనం ముగిసేనాటికి జీవించే ఉన్నారు. ఇక్కడ భవిష్యత్తును చెప్పింది ఒకనాటి అంకె కాదు, అంకె నడిచిన వేగం. వ్యాధి స్వభావాన్ని తెలుసుకోవడానికి కాలాన్ని కొలతలో భాగం చేయడం ఈ అధ్యయనం ఇచ్చే సందేశం.

రంజనాల్లో కెఐ-67 ఇటువంటిదే. అది విభజనలో ఉన్న కణాల కేంద్రకాలను చూపుతుంది. 2022లో వెలువడిన అంతర్జాతీయ శ్రేణీకరణ ప్రకారం మెడుల్లరీ క్యాన్సర్‌లో కెఐ-67 5 శాతం గాని అంతకు మించి గాని ఉండడం, 2 చదరపు మిల్లీమీటర్లలో 5 లేదా అంతకు మించి సమవిభజనలు, కణితిలో మృతకణజాలం అనే మూడింటిలో ఏ ఒక్కటున్నా అది ఉన్నత శ్రేణి. ఈ రంజనానికి నిర్ణీత రేఖ ఉంది, అది రోగుల మనుగడతో ముడిపడింది, మామూలు పలకపై కనిపించే లక్షణాలతో కలిసి పనిచేస్తుంది.

విఇ1 రంజనం పాపిల్లరీ క్యాన్సర్‌లో తీవ్రతను స్వతంత్రంగా చెప్పలేకపోయినా, అనాప్లాస్టిక్ క్యాన్సర్‌లో ప్రాణరక్షకం కాగలదు. బి-రాఫ్ ఉత్పరివర్తన ఉన్న అనాప్లాస్టిక్ క్యాన్సర్‌కు డబ్రాఫెనిబ్, ట్రామెటినిబ్ మందుల జంటను అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2018లో ఆమోదించింది. రోజులు లెక్కపెట్టవలసిన ఆ వ్యాధిలో జన్యుక్రమ పరీక్ష కంటే ముందుగా రంజనం ఫలితం అందడం చికిత్సను మారుస్తుంది. ఒకే ప్రతిదేహం ఒకచోట అనవసర భయానికి, మరొకచోట సకాల చికిత్సకు కారణమవుతోంది. దాని విలువ రంగులో లేదు. ఏ ప్రశ్నకు జవాబుగా దాన్ని వాడుతున్నామన్న దానిలో ఉంది.

9. అసలు కావలసిన సూచకం:
ఫిన్లాండులో 1985లో ప్రచురితమైన శవపరీక్షల అధ్యయనంలో, ఇతర కారణాలతో మరణించిన 101 మందిలో 35.6 శాతం మంది థైరాయిడ్లలో అతిచిన్న పాపిల్లరీ క్యాన్సర్లు కనిపించాయి. దక్షిణ కొరియాలో ఆరోగ్య తనిఖీలతో పాటు మెడ అల్ట్రాసౌండ్ విస్తరించిన తరువాత 2011 నాటి థైరాయిడ్ క్యాన్సర్ నమోదు రేటు 1993తో పోలిస్తే 15 రెట్లయింది. మరణాల రేటు మాత్రం మారలేదు. అక్కడ శస్త్రచికిత్స జరిగినవారిలో 11 శాతం మందికి పారాథైరాయిడ్ లోపం, 2 శాతం మందికి స్వరతంత్రుల పక్షవాతం కలిగినట్లు బీమా వివరాలు తెలిపాయి.

జపాన్‌లోని కోబె నగరంలో కుమా ఆసుపత్రి 1993 నుంచి మరో మార్గం అనుసరించింది. ప్రమాద లక్షణాలు లేని, ఒక సెంటీమీటరుకు మించని పాపిల్లరీ క్యాన్సర్లను వెంటనే కోయకుండా క్రమంగా గమనించింది. 2014లో ప్రకటించిన 1235 మంది ఫలితాల్లో పదేళ్లలో గడ్డ 3 మిల్లీమీటర్లు గాని అంతకు మించి గాని పెరిగినవారు 8 శాతం. లింఫ్ కణుపులకు కొత్తగా వ్యాపించినవారు 3.8 శాతం, ఆ క్యాన్సర్‌తో మరణించినవారు లేరు.

పరిశోధనకు అసలైన లక్ష్యం ఈ అంకెల్లోనే ఉంది. పెరగబోయే ఆ 8 శాతాన్ని, పెరగని 92 శాతం నుంచి మొదటి రోజే, సూది నమూనాతోనో రక్తపు చుక్కతోనో వేరుచేయగలిగినది నిజమైన తీవ్రతా సూచకం. కోసి తీసిన గడ్డపై, క్యాన్సర్ కాని గడ్డతో పోల్చి చూసే రంజనం ఆ ప్రశ్నను తాకనైనా తాకదు.

10. ముగింపు:
పై పరిశీలన నుంచి ఈ కింది అంశాలు తేలుతున్నాయి.

• రకం, దశ, స్వభావం అనే మూడింటినీ 'తీవ్రత' అనే ఒకే పదంతో సూచించడం పరిశోధన ప్రశ్ననే మసకబారుస్తుంది. తెలుగులో వైద్యశాస్త్ర రచన చేసేవారు ఈ మూడు పదాలను వేరువేరుగా వాడడం అవసరం.
• క్యాన్సర్‌ను క్యాన్సర్ కానిదానితో పోల్చి పొందిన ఫలితం నిర్ధారణకు మాత్రమే చెల్లుతుంది. తీవ్రత గురించి చెప్పాలంటే క్యాన్సర్ రోగులనే తగినంత కాలం గమనించాలి.
• వయస్సు, పరిమాణం, చొరబాటు, వ్యాప్తి ఇప్పటికే చెబుతున్న దానికి అదనంగా ఏమీ చెప్పని సూచకం ఖర్చును పెంచుతుందే గాని జ్ఞానాన్ని పెంచదు.
• రక్త సూచకం అంకెను గ్రంథి స్థితి, ప్రతిదేహాల ఉనికి, కాలక్రమంలో వచ్చిన మార్పు అనే మూడింటితో కలిపి చదవాలి.
• సూచకం ఫలితం ఏ చికిత్సా నిర్ణయాన్ని ఎలా మారుస్తుందో ప్రతి అధ్యయనమూ స్పష్టంగా చెప్పాలి. ఆ వాక్యం రాయలేని అధ్యయనం 'తీవ్రత' అనే మాటను తన శీర్షిక నుంచి తొలగించుకోవడం ఉచితం.